పరుల పక్షం, తన సత్యం

వాణిజ్య న్యాయవాదిగా ఎదగాలనుకునేవారు మొదట ఎక్కడో ఒకచోట శిక్షణకు కుదురుకోవాలి. హిందూపురంలో దాన్ని సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరడం అంటారు. బెంగళూరు, హైదరాబాదు సంస్థల్లో ట్రెయినీ, అసోసియేట్ అన్న పేర్లు వినిపిస్తాయి. ఇంగ్లండులో సొలిసిటర్ కాదలచినవారు రెండేళ్ళ శిక్షణ ఒప్పందం కుదుర్చుకునేవారు; 2021 సెప్టెంబరు నుంచి అక్కడ పరీక్షతో ముడిపడిన కొత్త పద్ధతి వచ్చింది. ఏ పేరుతో అడిగినా అడిగే సంగతి మాత్రం మారదు: ఇతరుల డబ్బు, ఇతరుల రహస్యం, ఇతరుల తగవు తన చేతికి అప్పగించమని. ఆ అప్పగింతకు తగిన మనిషి ఎవరు అన్నది తెలివితేటలతో మాత్రమే తేలే విషయం కాదు. ఫీజు తీసుకుని ఒక పక్షం తరఫున మాట్లాడేవారు సత్యవంతులుగా ఉండగలరా అన్న ప్రశ్నను ధర్మశాస్త్రాలూ దర్శనాలూ ఎన్నడో ఎత్తుకున్నాయి. శిక్షణ కోసం పెట్టుకునే దరఖాస్తు ఆ ప్రశ్నకు అభ్యర్థి రాసే తొలి జవాబు. అందులో అభ్యర్థి మొదటిసారిగా ఒక కక్షిదారు తరఫున వాదిస్తాడు. ఆ కక్షిదారు తనే.

భారతదేశంలో ఈ శిక్షణ చట్టరీత్యా తప్పనిసరి కాదు. 1961 నాటి న్యాయవాదుల చట్టంలో మొదట శిక్షణ, పరీక్ష రెండూ ఉండేవి. 1973 సవరణ వాటిని తీసేసింది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో ఏడాది శిక్షణ నియమాలు తెచ్చింది, 1999లో వి. సుదీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. 2010లో అఖిల భారత బార్ పరీక్షను ప్రవేశపెట్టారు. 2023 ఫిబ్రవరిలో బోనీ ఫోయ్ లా కాలేజీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ పరీక్షను సమర్థించి, సుదీర్ తీర్పును తోసిపుచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు సివిల్ జడ్జి నియామకానికి మూడేళ్ళ ప్రాక్టీసును మళ్ళీ అర్హతగా నిర్ణయించింది. అయినా సీనియర్ ఏం నేర్పాలి, జూనియర్ ఏం నేర్చుకోవాలి అన్నదాన్ని నిర్దేశించే కాగితం ఏదీ లేదు. ఇద్దరి మధ్య నమ్మకమే పాఠ్యప్రణాళిక. అందుకే చేరే ముందు రాసే నాలుగు మాటలకు అంత బరువు.

వాణిజ్య న్యాయం నగరాల్లోని పెద్ద భవనాల సంగతి అన్న అభిప్రాయం జిల్లాల్లో ఇంకా బలంగా ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. హిందూపురంలో చింతపండు మార్కెట్, పట్టుగూళ్ళ మార్కెట్, తూముకుంట, గోళ్ళాపురం పారిశ్రామికవాడలు ఉన్నాయి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారానికి 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019లో అక్కడి నుంచి కార్లు బయటికి వచ్చాయి. అలాంటి ఒక్క కర్మాగారం వెంట విడిభాగాల సరఫరా, రవాణా, భూమి లీజు, కార్మికుల కాంట్రాక్టు, పన్నులు అన్నీ వస్తాయి. వాటిలో ప్రతిదానికీ ఒక ఒప్పంద పత్రం, ప్రతి పత్రంలోనూ రేపు తగవు కాగల ఒక వాక్యం.

ధర్మవరం పట్టుచీర వెనక ఉన్న ఒప్పందాలు ఇంతకంటే సూక్ష్మమైనవి, ఎందుకంటే వాటిలో చాలావరకు కాగితం మీద ఉండవు. ముడిపట్టు, సూరత్ జరీ ఇచ్చేది ఒకరు, మగ్గం మీద కూర్చునేది మరొకరు, చీర కొని చెన్నైకో బెంగళూరుకో అరువు మీద పంపేది ఇంకొకరు. డబ్బు తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది. ఒక్కోసారి చెక్కు వస్తుంది, బ్యాంకులో చెల్లదు. అప్పుడు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద నోటీసు: చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో ఇవ్వాలి, అందుకున్నవారికి చెల్లించడానికి 15 రోజుల గడువు, ఆపైన నెలలోపు ఫిర్యాదు. 2014లో దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ తీర్పు ప్రకారం చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్న ఊళ్ళోనే కేసు వేయాల్సి వచ్చింది. అంటే ధర్మవరం వ్యాపారి తన డబ్బు కోసం పరాయి ఊరి కోర్టు గుమ్మం ఎక్కాలి. 2015 సవరణతో డబ్బు రావలసినవారి ఖాతా ఉన్న బ్యాంకు పరిధిలోని కోర్టుకే ఆ అధికారం వచ్చింది. చెక్కు కేసు ఎక్కడ వేయాలన్న చిన్న విషయం మీద కొన్ని కుటుంబాల జీవనం ఆధారపడి ఉందని గ్రహించడమే వాణిజ్య న్యాయంలో తొలి పాఠం.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ఇంకో మెట్టు ముందుకు వెళ్ళింది. నమోదు చేయించుకున్న చిన్న ఉత్పత్తిదారుకు 45 రోజులు మించి బాకీ పెడితే, బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఈ రక్షణ వస్తువు తయారు చేసేవారిని ఉద్దేశించినది. కొని అమ్మే వ్యాపారులకు నమోదు ఇచ్చినా అది ప్రాధాన్యరంగ రుణాల వరకే. ఇక వాణిజ్య కోర్టుల చట్టానికి చేసిన 2018 సవరణతో వాణిజ్య వివాదాల కనీస విలువ కోటి రూపాయల నుంచి 3 లక్షలకు దిగింది. ఒక లోడు పట్టుచీరలు ఆ విలువను సునాయాసంగా దాటతాయి. అప్పుల పాలైన నేతకారుల ఆత్మహత్యల వార్తలు ధర్మవరానికి కొత్త కావు. ఆ ఊరి బాకీ కేసు కట్ట పట్టుకున్న జూనియర్ చేతిలో ఉన్నది కేవలం అంకెలు కావు.

ఇక్కడే ప్రశ్న పదునెక్కుతుంది. పైన చెప్పిన వరసలో ప్రతివారి దగ్గరా ఒక నిజం ఉంది. చీరలో లోపం ఉందని కొన్నవాడు అంటాడు. సరుకు చూసుకుని తీసుకున్నాడని అమ్మినవాడు అంటాడు. మొదట ఎవరు ఆఫీసు మెట్లెక్కితే న్యాయవాది వారివాడవుతాడు. రెండోవాడు ముందుగా వచ్చి ఉంటే అదే నోటితో ఎదురు వాదన చెప్పేవాడు. ఈ నోటికి సత్యంతో ఏం సంబంధం?

ప్రాచీన ధర్మశాస్త్రం ఈ విషయంలో జాగ్రత్తగా నడిచింది. తండ్రి, కొడుకు, సోదరుడు కాకుండా, కక్షిదారు నియమించినవాడూ కాకుండా ఇంకొకరి తరఫున వ్యవహారంలో తలదూర్చేవాడు శిక్షార్హుడని నారదస్మృతి నిర్దేశించింది. అంటే పరుల పక్షాన మాట్లాడటం తప్పు కాదు. అప్పగింత లేకుండా మాట్లాడటం తప్పు. ఈనాటి వకాల్తా పత్రానికి అదే పునాది. యాజ్ఞవల్క్యస్మృతి సంప్రదాయంలో వ్యవహారానికి నాలుగు పాదాలు: వాది మాట, ప్రతివాది జవాబు, రుజువు, నిర్ణయం. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో తిక్కన సమకాలికుడు మూలఘటిక కేతన తెనిగించాడు. తెలుగులో న్యాయశాస్త్ర రచన అంత పాతది. ఈ నాలుగు పాదాల లెక్కలో న్యాయవాదిది ఒక్క పాదమే. తన ఒక్క పాదం మీదే న్యాయమంతా నిలబడి ఉందనుకుంటే అహంకారం. తన పాదం అబద్ధమైనా ఫరవాలేదనుకుంటే ద్రోహం.

న్యాయదర్శనం వాదాన్ని మూడు రకాలు చేసింది. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, సొంత పక్షమేదీ నిలపకుండా ఎదుటివారిని పడగొట్టడానికి చేసేది వితండ. కోర్టులో జరిగేది మొదటిది కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. గౌతముడి సూత్రాలు జల్పాన్ని పూర్తిగా నిషేధించలేదు. మొలకను కాపాడే ముళ్ళకంచెలాగా అది తత్త్వనిశ్చయాన్ని కాపాడటానికి పనికొస్తుందన్నాయి. కంచెకు విలువ లోపల మొలక ఉన్నంతవరకే. కక్షిదారుకు నిజంగా ఉన్న హక్కును దాడి నుంచి కాపాడే గట్టి వాదన ఈ లెక్కన ధర్మ్యం. లేని హక్కు చుట్టూ కట్టిన కంచెకు ఆ సమర్థన లేదు.

ఈ ప్రశ్న విషయంలో పెనుకొండకు ఇంకో వారసత్వం కూడా ఉంది. అక్కడి పార్శ్వనాథస్వామి ఆలయం ఆ నేల మీద జైనం వేళ్ళూనిన కాలాన్ని గుర్తుచేస్తుంది. జైన దార్శనికుల అనేకాంతవాదం న్యాయవాద వృత్తికి ఇచ్చే ఆధారం మరే దర్శనమూ ఇవ్వలేదన్నా అతిశయోక్తి కాదు. ఒక వస్తువును ఒక కోణం నుంచి పట్టుకుని చెప్పే మాటను వారు నయం అన్నారు. నయం అసత్యం కాదు, అసంపూర్ణం. మిగతా కోణాలన్నీ అబద్ధమని కొట్టిపారేసినప్పుడు అదే దుర్నయం అవుతుంది. న్యాయవాది కోర్టుకు సమర్పించేది ఒక నయం. తన కక్షిదారు నిలబడ్డ చోటి నుంచి కనిపించే నిజాన్ని స్పష్టంగా, బలంగా చెప్పడం అతని పని. మిగతా చోట్ల నుంచి కనిపించేదాన్ని చెరిపేయడం అతని పని కాదు. రెండో పక్షం చెప్పేది పూర్తిగా అర్థం చేసుకున్న తర్వాతే తన పక్షం రాయడం మొదలుపెట్టే జూనియర్‌కు ఈ తేడా సహజంగా అలవడుతుంది. పూర్వపక్షాన్ని ఎదుటివాడు మెచ్చేంత బాగా చెప్పగలగాలన్నది మన శాస్త్రకారుల నియమం. దావా రాయడంలోనూ దానికి మించిన శిక్షణ లేదు.

అసలు చిక్కు అబద్ధాల్లో కాదు, సగం నిజాల్లో ఉంది. ద్రోణపర్వంలో ధర్మరాజు గురువుతో పలికిన మాటలో ఒక్కో పదాన్నీ విడదీసి చూస్తే అబద్ధం దొరకదు. చచ్చినది ఏనుగు అన్న సంగతి వినపడకుండా చెప్పాడు, అంతే. అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన అతని రథం ఆ క్షణంలో నేలకు దిగిందని భారతకథ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కూడా ఇదే గీత గీసింది. మౌనం దానంతట అది మోసం కాదు. మాట్లాడవలసిన బాధ్యత ఉన్నప్పుడు మౌనం మోసం, తెలిసిన సంగతిని పనిగట్టుకుని దాచడం మోసం. ఆస్తి అమ్మకంలో, కంపెనీ వాటాల కొనుగోలులో, బ్యాంకు రుణ పత్రాల్లో వాణిజ్య న్యాయవాది రోజూ తిరిగేది ఈ గీత మీదే.

మాట తర్వాత సొమ్ము ప్రశ్న. లేపాక్షి వీరభద్రాలయం హిందూపురానికి దగ్గరే. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1529–1542 మధ్య, విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పేర్లతో ముడిపడిన నిర్మాణం అది. స్థలగాథ ఇలా చెబుతుంది: కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా ధనం ఆలయానికి ఖర్చు పెట్టాడన్న నేరం వచ్చింది, శిక్ష పడకముందే తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడు, కల్యాణమంటపం అసంపూర్తిగా మిగిలింది. గోడ మీది ఎర్రని మరకలను ఇప్పటికీ యాత్రికులకు చూపిస్తారు. ఇది చరిత్ర కాదు, గాథ. కానీ వందల ఏళ్ళుగా ఈ సీమ జనం దీన్ని చెప్పుకుంటూ రావడంలో ఒక గట్టి ధర్మచింతన ఉంది. విరూపణ్ణ ఆ ధనాన్ని తన ఇంటికి మోసుకుపోయాడని గాథ అనదు. దేవుడికే పెట్టాడు. అయినా ప్రశ్న తప్పలేదు: ధనం ఎవరిది, అడిగావా?

ఇతరుల సొమ్మును చేతబట్టుకునే ప్రతి వృత్తికీ ఇదే కేంద్రం. ఉద్దేశం మంచిదన్న జవాబు చాలదు. 1882 నాటి ట్రస్టుల చట్టం సెక్షన్ 88 ధర్మకర్తలను, ఏజెంట్లను, భాగస్వాములను, కంపెనీ డైరెక్టర్లను, న్యాయ సలహాదారులను ఒకే వరసలో నిలబెట్టింది. తమ హోదాను వాడుకుని సంపాదించిన లాభాన్ని వారు తమను నమ్మినవారి కోసమే అట్టిపెట్టాలి. బార్ కౌన్సిల్ నియమాలు కక్షిదారు డబ్బుకు విడిగా లెక్క రాయమంటాయి, ఎదుటి పక్షంతో ఏ సంబంధం ఉన్నా ముందే బయటపెట్టమంటాయి, కేసు ఫలితంలో వాటా మాట్లాడుకోవడాన్ని నిషేధిస్తాయి. కక్షిదారు నోటికి న్యాయవాది ఉత్త బూర కాకూడదనీ చెబుతాయి. జూనియర్‌కు మొదట చేతికందేది కోట్ల లావాదేవీ కాదు; చలానా కట్టమని, స్టాంపు పేపర్లు తెమ్మని సీనియర్ ఇచ్చే డబ్బు. మిగిలిన చిల్లరకు కాగితం మీద లెక్క చూపించే అలవాటు ఆ రోజే మొదలవ్వాలి.

దరఖాస్తు దగ్గరికి వస్తే, ఈ చర్చ అంతా అక్కడ క్రియాపదాల్లోకి దిగుతుంది. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక రికవరీ దావా కట్ట మోసి, పాత తీర్పులు వెతికి, వాయిదా రోజున సీనియర్ వెనక నిలబడ్డ విద్యార్థి, ఆ దావాను తానే నడిపినట్టు రాస్తే పదాల్లో అబద్ధం దొరక్కపోవచ్చు. ధర్మరాజు రథం మాత్రం నేలకు దిగినట్టే. వెతికింది వెతికానని, చూసింది చూశానని రాయాలి. అలా రాసినవారికే తర్వాతి వాక్యం రాయడానికి సరుకు ఉంటుంది: ప్రతివాది ఏ రసీదు చూపించాడు, దాన్ని ఎందుకు నమ్మలేదు, వాది లెక్కల పుస్తకంలో ఏ లోపం కేసును బలహీనపరిచింది. పెద్ద మాటలు రాసినవారి దగ్గర ఈ వివరాలు ఉండవు. చదివే సీనియర్ పాతికేళ్ళుగా సాక్షులకు అడ్డప్రశ్నలు వేస్తున్న మనిషన్న సంగతి అభ్యర్థులు తరచూ మరిచిపోతారు.

అతిశయోక్తికి ఎదురుగా ఇంకో అసత్యం ఉంది, దాన్ని ఎవరూ తప్పుగా లెక్కపెట్టరు. తెలుగు మాధ్యమంలో చదివినందుకు, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో దగ్గర్లోని లా కాలేజీలోనో పట్టా తీసుకున్నందుకు, ఇంట్లో మగ్గమో మండీ దుకాణమో ఉన్నందుకు కుంచించుకుపోయి ఆ సంగతులు దాచేయడం. హిందూపురం పిల్లలకు తెలుగు, కన్నడం రెండూ నోటికి వస్తాయి. ఉర్దూ కూడా చాలామందికి అర్థమవుతుంది. ఆంధ్రలో భూమి, కర్ణాటకలో బ్యాంకు, రెండు భాషల్లో దస్తావేజులు ఉన్న లావాదేవీలో ఆ సామర్థ్యం విలువ బెంగళూరు సంస్థలకు తెలుసు. నోటిమాట అప్పు ఎలా నడుస్తుందో, పట్టుగూళ్ళ ధర ఏ పూట ఎందుకు పడుతుందో ఇంట్లో చూసి పెరిగినవారికి వ్యాపారం పాఠ్యపుస్తకంలోని మాట కాదు. నేషనల్ లా స్కూల్ నుంచో నల్సార్ నుంచో వచ్చినవారితో పోటీ పడేటప్పుడు లేనిది ఉన్నట్టు చూపడం కంటే ఉన్నది ఉన్నట్టు చూపడమే ధర్మం, వ్యూహం కూడా. తగ్గిన మార్కులకు, పోయిన ఏడాదికి కారణం ఒక్క వాక్యంలో చెబితే చాలు. జాలి కోరితే చదివేవారు ఇబ్బంది పడతారు, దాచిపెడితే అనుమానిస్తారు.

అందరికీ ఒకే ఉత్తరం పంపే అలవాటు వృథా. అభ్యర్థి చేరదలచిన ఆఫీసు ఏ కోర్టుల్లో, ఏ రకం వివాదాల్లో పనిచేస్తుందో ప్రచురిత తీర్పుల్లో, కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల్లో దొరుకుతుంది. రెండు మూడు తీర్పులు చదివి, ఒకదాని గురించి తన సందేహాన్ని రాయగలిగితే చాలు. కృత్రిమ మేధ రాసిచ్చిన ఉత్తరాల మీద సంతకం పెట్టడం ఇప్పుడు సులువు. కానీ తాను విడమరచి చెప్పలేని వాక్యం కింద సంతకం పెట్టే చేయి రేపు కక్షిదారు అఫిడవిట్ విషయంలోనూ అదే పని చేస్తుంది.

గోప్యత గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తెలివైన అభ్యర్థులు కూడా ఇక్కడే జారిపోతారు. రాతకు నమూనా పంపమంటే, పాత ఆఫీసులో తయారు చేసిన నోటీసునో ఒప్పందాన్నో పేర్లు, మొత్తాలు, ఖాతా నంబర్లతో సహా పంపేస్తారు. తమ నైపుణ్యం చూపించామనుకుంటారు. చూపించింది ఇతరుల రహస్యం తమ దగ్గర నిలవదని. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 132 న్యాయవాదికి కక్షిదారు చెప్పిన సంగతులకు రక్షణ ఇస్తూ, ఆ బాధ్యతను ఆఫీసు గుమస్తాలకు, దుబాసీలకు కూడా విస్తరించింది. పేర్లు చెరిపేసిన ప్రతి కూడా సీనియర్ అనుమతితోనే బయటికి వెళ్ళాలి. అన్నిటికంటే క్షేమం, కల్పిత వాస్తవాలతో కొత్తగా ఒక నోటీసు రాసి పంపడం.

ఇంటర్వ్యూలో ధర్మసంకటం గురించి అడిగితే చాలామంది గంభీరమైన ఆదర్శవాక్యాలు చెబుతారు. వాటివల్ల ఉపయోగం లేదు. నిజమైన సంకటాలు చాలా మామూలు రూపంలో వస్తాయి. పాత తేదీ స్టాంపు పేపరు ఒకటి సంపాదించి, నిరుడు నోటిమాటగా కుదిరిన ఒప్పందాన్ని ఆ తేదీతో రాసిపెట్టమని కక్షిదారు అడుగుతాడు. ఒప్పందం నిజంగానే కుదిరింది, ఎదుటివారూ ఒప్పుకుంటున్నారు, నష్టం ఎవరికీ లేదంటాడు. కుదరదని చెప్పి ఊరుకుంటే సగం పనే. నేటి తేదీతోనే పత్రం రాసి, ఫలానా రోజు నుంచి ఈ షరతులు తమ మధ్య అమల్లో ఉన్నట్టు ఉభయులూ అంగీకరిస్తున్నారని అందులో చెప్పవచ్చునని చూపించగలగాలి. అబద్ధం లేకుండా కక్షిదారు అవసరం తీరే దారి వెతకడమే ఈ వృత్తిలో తెలివి. దారి లేని చోట లేదని చెప్పగలగడం ధైర్యం. జవాబు తెలియని చట్టప్రశ్న ఎదురైతే తెలియదని, ఏ చట్టంలో వెతుకుతానో చెప్పడం ఊహించి చెప్పడం కంటే ఎన్నో రెట్లు మేలు.

డబ్బు సంగతి దాటవేస్తే ఈ చర్చ నిజాయితీ కోల్పోతుంది. చాలా ఊళ్ళలో జూనియర్లకు సీనియర్లు ఇచ్చేది దారిఖర్చులకు కూడా చాలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో కొత్త న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే లా నేస్తం పథకం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల కనీస భృతిని సిఫారసు చేసింది. అది సిఫారసే, ఆజ్ఞ కాదు. కరవు సీమలో అప్పు చేసి చదివించిన కుటుంబం నుంచి వచ్చిన యువతి తొలి జీతం గురించి ఆలోచించడం లోభం కాదు. పురుషార్థాల్లో అర్థానికి చోటుంది, ధర్మానికి లోబడినంత వరకు. అందుచేత భృతి ఎంత, పని గంటలెన్ని, ఏడాదిలో ఏ రకం పనులు చేయనిస్తారు అన్న ప్రశ్నలు అడగడం అభ్యర్థి హక్కు. విద్య నేర్పుతున్నామన్న పేరుతో ఉచిత చాకిరీ చేయించుకోవడం గురుత్వం కాదు. గురుశిష్య సంబంధం పేరు చెప్పుకునే వృత్తి గురువు వైపు ధర్మాన్ని కూడా అంతే గట్టిగా అడగాలి.

సిఫారసు మీద చేరడం మన ఊళ్ళలో మామూలు. బంధువు మాట చెబితే సీనియర్ కాదనడు. ఆ మాట తలుపు తెరిచినంతవరకే ఉండాలి. సిఫారసు చేసిన వ్యాపారి రేపు ఆఫీసులోని ఇంకొకరి కేసు గురించి ఆరా తీస్తే ఏం జవాబు చెప్పాలో చేరకముందే తేల్చుకోవాలి.

కక్షిదారు కాని మనుషుల పట్ల న్యాయవాదికి ఏం బాధ్యత ఉంది? ఈ ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు ఇరుకుగా ఉంటుంది, ఈ జిల్లా అనుభవం దాన్ని విశాలం చేయమంటుంది. లేపాక్షి నాలెడ్జ్ హబ్ కోసం చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కేటాయించారు. అనుకున్న పరిశ్రమలు రాలేదు. భూమిలో కొంత బ్యాంకుల తాకట్టులోకి పోయింది. వ్యవహారం దివాలా చట్టం గుమ్మం దాకా నడిచింది. ఇలాంటి లావాదేవీలో తాకట్టు పత్రం రాసే న్యాయవాదికి రుణమిచ్చే బ్యాంకో తీసుకునే కంపెనీనో కక్షిదారు. ఉద్యోగాల ఆశతో పొలం వదులుకున్న రైతు ఆ గదిలో ఉండడు. రైతు కోసం పత్రాన్ని బలహీనపరిచే స్వేచ్ఛ న్యాయవాదికి లేదు. అలా చేస్తే విరూపణ్ణ దారే. కానీ ఇది ఏ షరతు మీద వచ్చిన భూమి, షరతు తప్పితే ఏమవుతుంది, ఊరివారి హక్కులు ఎక్కడిదాకా ఉన్నాయి అని కక్షిదారుకు ముందే స్పష్టంగా చెప్పే స్వేచ్ఛ ఉంది, ఆ బాధ్యతా ఉంది. చాలా అన్యాయాలు దుర్మార్గుల వల్ల కాక, అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్ల జరుగుతాయి. ఆ ప్రశ్న అడిగే అవకాశం పత్రాలన్నీ మొదటినుంచి చివరిదాకా చదివే జూనియర్‌కే ఎక్కువ.

గాంధీ 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళింది వాణిజ్య వివాదం కోసమే. దాదా అబ్దుల్లా తన బంధువైన తయ్యబ్ సేఠ్ మీద 40,000 పౌండ్ల దావా వేశాడు. కేసు లెక్కలన్నీ కూలంకషంగా చదివిన గాంధీ, వ్యాజ్యం సాగితే ఇద్దరూ చితికిపోతారని గ్రహించి మధ్యవర్తిత్వానికి ఒప్పించాడు. అబ్దుల్లా గెలిచాడు. 37,000 పౌండ్లూ ఖర్చులూ ఒక్కసారిగా కట్టాలంటే తయ్యబ్ దివాలా తీయాలి. వాయిదాల మీద తీసుకునేలా గెలిచిన తన కక్షిదారునే ఒప్పించడం గాంధీకి మరీ కష్టమైందట. ఇందులో కక్షిదారు పట్ల విధేయత ఎక్కడా తగ్గలేదు. అతని ప్రయోజనం డబ్బు కంటే పెద్దదని చూపించడం జరిగింది. నేటి చట్టం ఆ దారిని కొంతవరకు నియమం చేసింది. వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ ప్రకారం, తక్షణ ఉత్తర్వు అవసరం లేని దావాకు ముందు మధ్యవర్తిత్వ ప్రయత్నం జరగాలి. అది తప్పనిసరి అని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకరి ముఖం ఒకరు రోజూ చూసుకోవలసిన ధర్మవరం లాంటి ఊళ్ళో ఈ నియమానికి నగరంలో కంటే ఎక్కువ అర్థం ఉంది. శిక్షణకు చేరేవారు రాజీపత్రం రాయడాన్ని దావా రాయడమంత శ్రద్ధగా నేర్చుకోవాలి. రాజీని వాదనలో ఓటమిగా చూసే సీనియర్ దగ్గర ఆ విద్య దొరకదు.

చేరిన చోటే ఎవరూ ఉండిపోరు. రెండు మూడేళ్ళకు హిందూపురం నుంచి బెంగళూరుకో, ఒక ఆఫీసు నుంచి దాని ఎదుటి పక్షం ఆఫీసుకో మారతారు. కక్షిదారు చెప్పిన సంగతులను కాపాడే బాధ్యత ఉద్యోగంతో ముగియదని సాక్ష్య చట్టమే చెబుతుంది. ఒక పక్షానికి పనిచేసిన కేసులో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. కాబట్టి కొత్త చోట చేరే ముందే, తాను పనిచేసిన వివాదాల్లోని పక్షాలెవరో చూసుకుని, రెండు ఆఫీసులూ తలపడుతున్న కేసు ఏదైనా ఉంటే, అందులోని రహస్యం బయటపెట్టకుండా, తాను ఆ కేసు కట్ట ముట్టుకోనని రాతపూర్వకంగా చెప్పాలి. పాత ఆఫీసు కాగితాలు, ఫోనులో మిగిలిన ప్రతులు తిరిగి ఇచ్చేసి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి.